పన్నెండు వోల్టుల కబురు

ఏవీ రిసీవర్ వెనక్కి తిప్పి చూస్తే స్పీకర్ టెర్మినళ్లు, హెచ్‌డీఎంఐ సాకెట్లు, యాంటెన్నా కనెక్టర్ల నడుమ ఇయర్‌ఫోన్ గుచ్చుకునే రంధ్రం లాంటిదే ఒకటి కనిపిస్తుంది. పక్కన సన్నటి అక్షరాల్లో ట్రిగ్గర్ అవుట్, 12 వోల్టులు, 100 మిల్లీ ఆంపియర్లు అని ఉంటుంది. కొన్నిటి మీద 150 అని ఉంటుంది. ఆ రాతలో నేను మొదటి అంకె ఒక్కటే పట్టించుకున్నాను. రెండోదాన్ని వదిలేసినందుకు ఏం పోగొట్టుకున్నానో, దాన్ని సరిచేయబోయి ఇంట్లోకి ఎంత ప్రమాదాన్ని తెచ్చిపెట్టానో రాయాలని చాలాకాలంగా అనుకుంటున్నాను. విడిగా పవర్ ఆంప్లిఫయర్ పెట్టుకుని, దాన్ని రిమోట్‌తో వెలిగించుకోవాలని ముచ్చటపడేవాళ్లు మనలో పెరుగుతున్నారు. నేను చేసిన పని వాళ్లు చేయకూడదు.

ట్రిగ్గర్ చేసేది చాలా చిన్న పని. రిసీవర్‌ను ఆన్ చేయగానే ఆ రంధ్రంలో గుచ్చిన ప్లగ్గు కొసకు 12 వోల్టుల డీసీ వస్తుంది. ఆఫ్ చేస్తే పోతుంది. రెండు తీగల సన్న కేబుల్ ఒకటి ఆ వోల్టేజిని పవర్ ఆంప్లిఫయర్ దాకా చేరవేస్తుంది. దాన్ని చూసి ఆంప్లిఫయర్ తన లోపలి రిలేతో 230 వోల్టుల కరెంటును తానే కలుపుకుంటుంది. అందుకే ట్రిగ్గర్ ఇన్ ఉన్న కొన్ని ఆంప్లిఫయర్లు 3 వోల్టుల నుంచి 30 దాకా ఏది వచ్చినా మేలుకుంటాయి. వాటికి కావలసింది కరెంటు కాదు, సమాచారం. ట్రిగ్గర్ తీగ కబురు మోసుకొచ్చే మనిషి. ఆ మనిషి నెత్తిన బియ్యం బస్తా పెట్టకూడదు. నేను పెట్టాను.

మా ఇంట్లో ఉన్నది పాతకాలపు స్టీరియో పవర్ ఆంప్లిఫయర్. లోపల 500 వీఏ టొరాయిడ్ ట్రాన్స్‌ఫార్మర్, ముందు భాగంలో పెద్ద స్విచ్, అంతే. ట్రిగ్గర్ ఇన్ లేదు. బరువు వల్ల దాన్ని టీవీ యూనిట్‌లో అన్నిటికన్నా కింది అరలో పెట్టాం. అమ్మ తెల్లవారకముందే లేస్తుంది. భక్తిరంజని కావాలి, ఆ తర్వాత కాసేపు వీణ కావాలి. ఆ మోకాళ్లతో కింది అర దాకా వంగి స్విచ్ నొక్కి మళ్లీ లేవడం ఆమెకు నరకం. పోనీ ఎప్పుడూ ఆన్‌లోనే ఉంచుదామంటే, పాట లేకపోయినా అది యాభై వాట్ల దాకా తాగుతుంది. రోజంతా ఉంచితే 1.2 యూనిట్లు, నెలకు 36 యూనిట్లు. ఎండాకాలంలో ఆ అర పొయ్యిలా కాలుతుంది కూడా.

ముందు ఆడియో సిగ్నల్ వస్తే తానే మేలుకునే పద్ధతి ప్రయత్నించాను. అలాంటి సర్క్యూట్లు బోర్డుల రూపంలో దొరుకుతాయి. సినిమా పాటలకు బాగానే పనిచేసింది. ఈమని శంకరశాస్త్రి వీణ పెట్టేసరికి దాని అసలు రూపం తెలిసింది. ఆలాపనలో ఒక స్వరం మీటి, దాన్ని సన్నగిల్లేదాకా గమకంతో లాగి, తర్వాత తీసుకునే విరామం ఉంటుందే, సరిగ్గా అక్కడ ఆ సర్క్యూట్ పాట అయిపోయిందనుకునేది. టక్కుమని ఆంప్లిఫయర్ ఆరిపోయేది. తర్వాతి మీటు వినిపించేది కాదు. నిశ్శబ్దం కూడా సంగీతంలో భాగమైన చోట ఈ పద్ధతి పనికిరాదని నా గట్టి అభిప్రాయం. రిసీవర్ ఆన్‌లో ఉన్నంతసేపూ ఆంప్లిఫయర్ ఆన్‌లో ఉండాలంటే ట్రిగ్గరే సరైన దారి. దారి సరైనదే, నేను నడిచిన తీరు తప్పు.

కోఠీలో గుజరాతీ గల్లీకి వెళ్లి 12 వోల్టుల రిలేలు, ఒక ప్లాస్టిక్ పెట్టె, తీగలు కొన్నాను. నీలం రంగు చదరపు రిలే మన దగ్గర ఎక్కడైనా దొరుకుతుంది. దాని కాయిల్ 400 ఓంలు, అంటే 12 వోల్టులకు 30 మిల్లీ ఆంపియర్లు. ఒక్క రిలేతో ఆగి ఉంటే రిసీవర్ భరించేది. నేను రెండు పెట్టాను, రెండోది సబ్‌వూఫర్ కోసం. ఆపైన అర వేడెక్కుతోంది కదా, ఆంప్లిఫయర్‌తో పాటే తిరుగుతుందని కంప్యూటర్‌లో వాడే 12 వోల్టుల ఫ్యాన్‌ను కూడా అదే తీగకు కలిపాను. దానికి ఒక్కదానికే 200 మిల్లీ ఆంపియర్లకు పైగా కావాలి. అన్నీ 12 వోల్టులవే కదా అన్నది నా లెక్క. ఎన్ని ఆంపియర్లన్నది లెక్కలోకే రాలేదు.

జరిగింది ఇది. మోయలేని భారం పడగానే రిసీవర్ ఆ 12 వోల్టులను కోసేసేది. భారం పోగానే మళ్లీ ఇచ్చేది. రిలేలు టకటకా కొట్టుకునేవి. ప్రతి టక్కుకూ ఆంప్లిఫయర్‌కు కరెంటు వస్తూ పోతూ ఉండేది. స్పీకర్లలో దబదబమని చప్పుడు. వూఫర్ కోను ముందుకూ వెనక్కూ ఊగడం కంటితో చూశాను. రిలే కాయిల్‌కు అడ్డంగా పెట్టాల్సిన డయోడ్ కూడా నేను పెట్టలేదు. కాయిల్‌లో కరెంటు తెగినప్పుడల్లా అది ఎదురు దిశలో పెద్ద వోల్టేజి తన్నుతుంది. ఆ తన్ను నేరుగా రిసీవర్ లోపలి చిన్న ట్రాన్సిస్టర్‌కు తగులుతుంది. దాన్ని పక్కకు మళ్లించడానికి రూపాయో రెండు రూపాయలో ఖరీదు చేసే 1ఎన్ 4007 డయోడ్ ఒక్కటి చాలు. చివరికి ట్రిగ్గర్ అవుట్ చచ్చిపోయింది. సర్వీసు వాళ్లు బోర్డు మార్చాలన్నారు. మార్పించాను.

ఇక్కడితో ఆగి ఆలోచించాల్సింది. తీగ మీద భారం ఎక్కువైంది కాబట్టి భారం తగ్గించే వస్తువు వెతికాను తప్ప, నాకు తెలియనిది ఇంకేం ఉందని అడగలేదు.

సాలిడ్ స్టేట్ రిలే కనిపించింది. లోపల కదిలే భాగాలు లేవు, టక్కు చప్పుడు లేదు. 3 నుంచి 32 వోల్టుల మధ్య ఏదిచ్చినా పనిచేస్తుంది, కొద్ది మిల్లీ ఆంపియర్లు చాలు. ట్రిగ్గర్ కోసమే పుట్టినట్టు అనిపించింది. పైగా అది జీరో క్రాసింగ్ రకం. అంటే 50 హెర్ట్జ్ మెయిన్స్ వోల్టేజి పైకీ కిందికీ ఊగుతూ సున్నాను దాటే క్షణం కోసం ఆగి, అప్పుడే కలుపుతుంది. సున్నా దగ్గర కలిపితే ఆంప్లిఫయర్‌కు మెత్తగా ఉంటుందని నమ్మాను. ఎవరినడిగినా అలాగే అంటారు. బల్బులకూ హీటర్లకూ అది నిజమే.

ట్రాన్స్‌ఫార్మర్‌కు మాత్రం అబద్ధం. ఆంప్లిఫయర్ ఆన్ కాగానే కొన్ని రోజులు హాలు ఎంసీబీ పడిపోయేది. కొన్ని రోజులు ఏమీ అయ్యేది కాదు. ఒకే మీట, ఒకే తీగ, రోజుకో రకం ఫలితం. చాలాకాలానికి బాలానగర్‌లో ట్రాన్స్‌ఫార్మర్లు చుట్టే ఒకాయన నాకు దీని గుట్టు విప్పాడు. “సున్నా దగ్గర కలిపితేనే సార్ కొంప మునిగేది” అన్నాడు. కోరులోని అయస్కాంత ప్రవాహం వోల్టేజికి పావు చక్రం వెనకగా నడుస్తుంది. సరిగ్గా సున్నా దగ్గర మొదలుపెడితే మొదటి అరచక్రం పొడుగునా ఆ ప్రవాహం ఒకే దిశలో పేరుకుంటూ, మామూలు గరిష్ఠానికి రెట్టింపు దాకా పోవాలని చూస్తుంది. కోరు అంత పట్టలేదు, నిండిపోతుంది. నిండాక ప్రైమరీ చుట్టుకు ఇంక అడ్డం ఏమీ ఉండదు, రాగి తీగకున్న నాలుగు ఓంలు తప్ప. ఆ ఒక్క క్షణం పదుల ఆంపియర్లు లాగేస్తుంది. క్రితంసారి ఆపినప్పుడు కోరులో మిగిలిపోయిన అయస్కాంతత్వం అదే దిశలో ఉంటే ఇంకా ఘోరం, ఎదురు దిశలో ఉంటే కాస్త తేలిక. రోజుకో రకంగా ఉండడానికి కారణం అదే. టొరాయిడ్ కోరులో గాలి సందులు లేవు కనుక ఆ మిగులు దానిలో ఎక్కువ. అసలు కలపడానికి ఎంచుకోదగ్గ క్షణాల్లో ట్రాన్స్‌ఫార్మర్‌కు అన్నిటికన్నా చెడ్డదాన్ని వెతికి మరీ ఎంచే వస్తువును నేను డబ్బులిచ్చి కొనుక్కున్నానన్నమాట.

ఇదంతా అప్పటికి తెలియదు. తెలియకపోవడం తప్పు కాదు. ఆ తర్వాత చేసింది తప్పు.

ఎంసీబీ పడుతోంది కాబట్టి ఎంసీబీని మార్చాను. హాల్లో ఉన్నది 6 ఆంపియర్ల బీ రకం. బీ రకం దాని అంకెకు మూడు నుంచి అయిదు రెట్ల కరెంటు వస్తే వెంటనే తెగుతుంది. సీ రకం అయిదు నుంచి పది రెట్ల దాకా ఓపిక పడుతుంది. నేను 16 ఆంపియర్ల సీ రకం తెచ్చి బిగించాను. ఇక పడలేదు. సమస్య తీరిందని సంతోషించాను. అమ్మ రోజూ తెల్లవారుజామున మంచం మీదనుంచే రిమోట్ నొక్కి పాటలు వింటోంది. ఆ సంతోషంలో కొన్ని నెలలు గడిచాయి.

ఫ్యాను రెగ్యులేటర్ పాడై ఎలక్ట్రీషియన్‌ను పిలిస్తే అతను ఎంసీబీలుండే డీబీ పెట్టె తలుపు తెరిచి అలాగే నిలబడిపోయాడు.

“ఎవరు మార్చిన్రు సార్ దీన్ని?”

నేనే అన్నాను. ఎందుకో చెప్పాను.

“ఎంసీబీ మీ మిషన్ కోసం కాదు సార్, గోడల ఉన్న వైరు కోసం. లోపల ఒక్క ఎంఎం వైరే ఉన్నది. పదహారు ఆంపియర్లు పోతే వైరు కాలుతది గాని ఇది పడదు. మీరు నిద్రల ఉంటరు.”

ఆ చివరి మాట అతను బెదిరించడానికి అనలేదు. ఉన్నది ఉన్నట్టు చెప్పాడు. అమ్మ మంచం ఆనుకుని ఉన్న గోడలోంచే ఆ వైరు పోతుంది. నా ఆంప్లిఫయర్ వెలగడం కోసం ఇంటికున్న కాపలాను నేనే తీసేశాను, తీసేసి నెలల తరబడి హాయిగా పాటలు విన్నాను. నేను చేసిన వాటిలో నన్ను ఇప్పటికీ బాధించేది ఇదే. రిసీవర్ బోర్డు పోవడం డబ్బుతో తీరిన సంగతి. ఇది తీరలేదు, జరగలేదంతే.

పాత రకం ఎంసీబీ అతనే బిగించి వెళ్లాడు. ఆ రోజు సాలిడ్ స్టేట్ రిలేను విప్పేద్దామని కూర్చున్నాను. ఆంప్లిఫయర్ మూత తీసి దుమ్ము కూడా తుడుద్దామనుకున్నాను. రిసీవర్ ఆఫ్‌లో ఉంది, ఆంప్లిఫయర్ దీపం వెలగడం లేదు. చెయ్యి పెట్టబోయే ముందు ఎందుకో టెస్టర్ తీసి ఫ్యూజు దగ్గర ఆనించాను. వెలిగింది.

రిలే ఆఫ్‌లో ఉన్నా లోపలికి ఫేజు వస్తోంది. పెట్టెలో నేను రంగులు చూసే కలిపాను, గోధుమ రంగు తీగనే రిలే గుండా తిప్పాను. కానీ గోడ సాకెట్టు సంగతి చూడలేదు. మన సాకెట్టుకు ఎదురుగా నిలబడితే ఎర్త్ పైన, ఫేజు కుడివైపు ఉండాలి. అక్కడ టెస్టర్ పెడితే ఎడమవైపు వెలిగింది. ఎప్పుడో ఎవరో తారుమారుగా కలిపారు. కాబట్టి ఇన్నాళ్లూ నా రిలే తెంపింది న్యూట్రల్‌ను. ఆంప్లిఫయర్ ఆరినట్టు కనిపించేది, లోపల 230 వోల్టులు కూర్చునే ఉండేవి. సాకెట్టు సరిగ్గా ఉన్నా నేను పూర్తిగా క్షేమంగా ఉన్నట్టు కాదని తర్వాత తెలిసింది. సాలిడ్ స్టేట్ రిలే ఆఫ్‌లో కూడా కొద్ది మిల్లీ ఆంపియర్లు కారనిస్తుంది. అది పాడైతే చాలాసార్లు తెగిపోయి కాదు, అతుక్కుపోయి పాడవుతుంది. మనిషి చెయ్యి పెట్టే చోట అలాంటిదాన్ని స్విచ్ అనుకోకూడదు.

ఆ ప్లాస్టిక్ పెట్టెకు నేను మూత కూడా బిగించలేదు. ఇంకా మార్పులు చేయాలి కదా అని వదిలేశాను. అమ్మ తడిబట్టతో టీవీ యూనిట్ అరలన్నీ తుడుస్తుంది, పండగలకు కింది అర కూడా, నేల మీద కూర్చుని. ఆ మాట తలుచుకుంటే ఇది రాస్తున్నప్పుడు కూడా చేతులు చల్లబడుతున్నాయి. ఆ సాయంత్రం ఆమెకు మొత్తం చెప్పాను. “నాకోసం ఇంత ఎందుకు నాయనా, ఎలాగో వంగి నొక్కుకుంటాగా” అంది. ఆమె వంగకూడదనే కదా మొదలుపెట్టింది.

అప్పుడు మళ్లీ మొదటినుంచి కట్టాను. ఈసారి బాలానగర్ ఆయన కాగితం మీద గీసిచ్చాడు. ఎలక్ట్రీషియన్ మెయిన్స్ వైపు పని చేశాడు. నేను 12 వోల్టుల వైపు మాత్రమే ముట్టుకున్నాను.

రిసీవర్ నుంచి వచ్చే ట్రిగ్గర్ తీగ ఇప్పుడు పీసీ 817 ఆప్టోకప్లర్ ఒక్కదాన్నే వెలిగిస్తుంది. దాని లోపలి ఎల్ఈడీ 1.2 వోల్టులు తీసుకుంటుంది, మిగతా 10.8 వోల్టులకు 2.2 కిలో ఓంల రెసిస్టర్ అడ్డం. అంటే రిసీవర్ మీద పడేది 5 మిల్లీ ఆంపియర్లు. ప్లస్ మైనస్ తారుమారైతే ఆ ఎల్ఈడీ పోతుంది కాబట్టి దానికి ఎదురుగా చిన్న డయోడ్ ఉంది. ఆప్టోకప్లర్ అవతలి వైపు బీసీ 547 ట్రాన్సిస్టర్, అది నడిపే రిలే, కాయిల్ మీద డయోడ్. రిలేకు కావలసిన కరెంటు వేరే 12 వోల్టుల అడాప్టర్ ఇస్తుంది. ఫ్యాన్‌కూ అదే. రిలే ఫేజునూ న్యూట్రల్‌నూ ఒకేసారి తెంపే డబుల్ పోల్ రకం, కాబట్టి సాకెట్టు ఎవరు ఎలా కలిపినా ఆఫ్ అంటే రెండూ తెగుతాయి. సాకెట్టునూ సరిచేయించాం. ఎర్త్ తీగను మాత్రం ఏ రిలే గుండానూ తిప్పలేదు, అది ఎప్పుడూ తెగకూడదు.

ట్రాన్స్‌ఫార్మర్ మొదటి గుక్కకు ఆయన చెప్పిన మందు సాఫ్ట్ స్టార్ట్. మెయిన్స్ రిలే కలిసినప్పుడు దారిలో 33 ఓంల వైర్‌వౌండ్ రెసిస్టర్ అడ్డంగా ఉంటుంది. 230 వోల్టుల ఏసీ శిఖరం 325 వోల్టులు, దానికి 33 ఓంలు అడ్డుంటే ఎంత ఘోరంగా చూసినా 10 ఆంపియర్లు దాటదు. సుమారు ఒక సెకను తర్వాత రెండో రిలే ఆ రెసిస్టర్‌ను పక్కకు తప్పిస్తుంది. రెండో రిలే పనిచేయకపోతే రెసిస్టర్ కాలిపోతుంది కనుక దాని పక్కనే వేడికి తెగే థర్మల్ ఫ్యూజు పెట్టించాడు. అది నాకు ఎప్పటికీ తట్టేది కాదు. ఇప్పుడు 6 ఆంపియర్ల బీ రకం ఎంసీబీ మీదే నడుస్తోంది, పడటం లేదు.

ఆప్టోకప్లర్ వల్ల నేను ఆశించని లాభం ఒకటి దక్కింది. మొదటి పెట్టెలో ట్రిగ్గర్ తీగ రిసీవర్ గ్రౌండునూ ఆంప్లిఫయర్ బాడీనీ కలిపేసేది. ఆడియో కేబుల్ తొడుగు గుండా అవి ఎలాగూ కలిసే ఉంటాయి. రెండు దారులు కలిసి ఒక చుట్టు ఏర్పడి, పాట లేనప్పుడు స్పీకర్లలో సన్నటి హమ్ వచ్చేది. ఆడియో కేబుళ్లు మార్చి మార్చి చూశాను, కారణం మాత్రం ఈ తీగ. ఆప్టోకప్లర్‌లో రెండు వైపులకూ మధ్య వెలుగు తప్ప లోహం కలవదు. హమ్ పోయింది. ఈమని వీణ విరామాల్లో ఇప్పుడు ఏమీ వినిపించదు, తంబురా తప్ప.

ట్రిగ్గర్ ప్లగ్గు రిసీవర్ ఆన్‌లో ఉండగా గుచ్చకూడదని కూడా చెప్పాలి. 12 వోల్టులున్న కొస ఆంప్లిఫయర్ సాకెట్టు అంచును తాకుతూ లోపలికి పోతుంది. మామూలు ఆంప్లిఫయర్లలో ఆ అంచు గ్రౌండు, ఆడియో కేబుళ్లు కలిసి ఉంటే ఆ క్షణం షార్టే. ఇయర్‌ఫోన్ రంధ్రం, ఐఆర్ రంధ్రం కూడా అదే 3.5 మిల్లీమీటర్ల కొలత కాబట్టి చీకట్లో తడుముకుని గుచ్చితే ఎందులోకైనా పోతుంది. నేను తీగకు రెండు కొసల్లోనూ ఎర్ర టేపు చుట్టాను.

ఈమధ్య పక్క ఫ్లాట్‌లో కుర్రాడు తనకూ ఇలాంటి పెట్టె కట్టివ్వమన్నాడు. ఆంప్లిఫయర్ ఇంకా కొనలేదని తెలిసి, ట్రిగ్గర్ ఇన్ ఉన్నదే కొనమన్నాను. కంపెనీ వాళ్లు సాఫ్ట్ స్టార్ట్, స్పీకర్ రిలే, ఐసొలేషన్ అన్నీ పరీక్షించి లోపలే పెట్టి ఇస్తారు, బయట 230 వోల్టులు ముట్టుకునే అవసరమే రాదు. కొన్నాళ్లకు కొన్నాడు. కేబుల్ కొనేటప్పుడు మాన్యువల్‌లో ఎన్ని వోల్టులు, ఎన్ని మిల్లీ ఆంపియర్లు అని ఉందో ఇద్దరం కలిసి చదివాం. ఆంప్లిఫయర్ అడిగేది 10 మిల్లీ ఆంపియర్లు, రిసీవర్ ఇవ్వగలిగేది 150.

మా ఇంట్లో మాత్రం ఊరెళ్లేటప్పుడు గోడ మీటను కట్టేసే వెళ్తాం. ఏ రిలే కాంటాక్టులైనా ఎప్పుడో ఒకప్పుడు అతుక్కుపోవచ్చు. ఆ మీటకు అడ్డంగా ఉన్న సోఫాను పక్కకు జరిపించాను, అమ్మ నిలబడే నొక్కగలుగుతోంది.